సరంగు లాగ్ బుక్

సరంగు పోయి ఏడాది కావస్తోంది. మొన్న వాడి కూతురు ఫోన్ చేసి "అంకుల్, నాన్న గది సర్దుతున్నాం, తెరచాపల సంచీ ఒకటుంది, అమ్మ మిమ్మల్ని అడగమంది, మీకు కావాలా లేక పారేయమంటారా" అంది. పారేయడమనే మాట వినగానే ఇంకేం ఆలోచించకుండా బయల్దేరాను. సంచీ మూతికున్న తాడు విప్పీ విప్పగానే గుప్పుమంది ఆ వాసన. సరిగ్గా ఆరకుండా మడతపెట్టిన డాక్రాన్ గుడ్డ, నాని ఎండిన తాళ్ళు, కాస్త నాచు, ఎక్కడో అడుగున వార్నిష్. మామూలు మనుషులు ఆ వాసనకి ముక్కు మూసుకుంటారు, ఆ పిల్లా మూసుకుంది. నేను మాత్రం ఆ సంచీ ముందేసుకుని చాలాసేపు నేలమీదే కూర్చుండిపోయా.

వాడి అసలు పేరు ఇక్కడ రాయను. మేమందరం సరంగు అనే పిలిచేవాళ్ళం, ఆ పేరు పెట్టుకున్నది కూడా వాడే, మేం పెట్టామని అందరికీ చెప్పేవాడు.

పోయినవాళ్ళ గురించి అందరూ మంచే మాట్లాడతారు కదా. వాడు పోయినరోజు సెయిలింగ్ క్లబ్బు వాళ్ళొకాయన "అంత నిజాయితీ గల మనిషిని నేను చూడలేదండీ" అని కళ్ళు తుడుచుకున్నాడు. పక్కనే ఉన్న వాడి భార్య తలెత్తి నా వైపు చూసింది, నేను నేల చూపులు చూశా. ఆయనన్నది అబద్ధమేం కాదు, ఆయన వాణ్ణి బోటులో తప్ప ఇంకెక్కడా చూడలేదు, అంతే. నేను రెండు చోట్లా చూశాను. ఆ రెండూ కలిపి ఒక మనిషిగా వాణ్ణి అర్థం చేసుకుందామని చాలా ఏళ్ళు ప్రయత్నించి తర్వాత మానేశాను. ఇప్పుడు గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు రాసుకుంటూ పోతాను, వరస తప్పితే ఏమనుకోకండి.

*

మేం కలిసింది సెయిలింగ్ నేర్చుకునే రోజుల్లో. క్లబ్బులో ఒక ముసలి ఎంటర్‌ప్రైజ్ బోటు ఉండేది, కొత్తగా వచ్చినవాళ్ళకి దాన్నే ఇచ్చేవాళ్ళు, ఎందుకంటే కొత్తగా పాడవడానికి దాంట్లో ఇంకేం మిగల్లేదు. తెలీనివాళ్ళ కోసం చెప్తున్నా, ఎంటర్‌ప్రైజ్ అంటే నాలుగు మీటర్ల పొడవుండే చిన్న బోటు, ఇద్దరు మనుషులు, రెండు తెరచాపలు, ఆ తెరచాపలు నీలం రంగువి. జాక్ హోల్ట్ అనే ఆయన డిజైన్ చేశాడు, ఎవరికి వాళ్ళు ప్లైవుడ్ కోసుకుని ఇంటి దగ్గరే చేసుకునేలా. 1956 జనవరిలో ఒక రాత్రి ఈ పిల్ల బోట్లు రెండు ఇంగ్లిష్ ఛానల్ దాటేసి, మేం పనికొస్తామని చూపించుకున్నాయి. ఈ కథ సరంగు ఎంతమందికి చెప్పాడో, చెప్పే తీరు చూస్తే ఆ రాత్రి ఒక బోటులో చుక్కాని పట్టింది వీడేనేమో అనిపించేది. అప్పటికి వీడు పుట్టనేలేదు.

మొదటి రోజు నుంచే వాడు వెనక చుక్కాని దగ్గర, నేను ముందు. ఎవరూ నిర్ణయించలేదు, వాడెళ్ళి చుక్కాని తిప్పే కర్ర, టిల్లర్, పట్టుకుని కూర్చున్నాడు, మిగిలిన చోట నేను కూర్చున్నా. పెద్ద తెరచాప మెయిన్ సెయిల్ వాడిది, ముందుండే చిన్న తెరచాప జిబ్ నాది, బోటు పొట్ట కింద నీళ్ళలోకి దిగే పలక, సెంటర్ బోర్డ్, దించడం ఎత్తడం నాది, గాలి ఎక్కువైతే కాళ్ళు పట్టీల్లోకి దూర్చి వీపు నీళ్ళకి తగిలేలా బయటికి వాలడం ఇద్దరిదీ. హెల్మ్ చేసేవాడికి, అంటే చుక్కాని పట్టేవాడికి, పేరొస్తుంది, క్రూ చేసేవాడికి నడుం నొప్పొస్తుంది. అయినా వాడితో క్రూ చేయడం నాకెప్పుడూ చిన్నతనంగా అనిపించలేదు, వాడు బోటు తిప్పబోయే ముందు "రెడీ?" అని అడిగేవాడు చూడండి, నేను "ఆఁ" అనేదాకా తిప్పేవాడు కాదు. ఒడ్డు మీద ఏ పనికీ నన్ను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

గాలి కనపడదు, దేన్ని తాకుతోందో చూసి చదువుకోవాలి. ఇప్పుడైతే ఫోన్లో చూస్తారు, ఏ గంటకి ఎంత, ఎటు నుంచి, బాణం గుర్తులతో సహా. అప్పుడు మాకు పొగ, జెండాలు, చెట్ల కొమ్మలు, ఇంకా పాత క్యాసెట్లు. క్యాసెట్ విప్పి ఆ గోధుమరంగు టేపు జానెడు ముక్కలు చేసి, తెరచాపలు కట్టే నిలువు కర్ర మాస్ట్‌ని నిలబెట్టే తీగలకి కట్టేవాళ్ళం. ఊలు పోగు తడిస్తే తీగకి అతుక్కుపోతుంది, ఈ టేపు మాత్రం ఎంత తడిసినా ఒక్క విదిలింపుకి మళ్ళీ ఎగురుతుంది, చిన్న ఊపిరికి కూడా కదులుతుంది. టేపు అయిపోయినప్పుడల్లా సరంగు ఎక్కణ్ణుంచో ఇంకో క్యాసెట్ తెచ్చేవాడు. ఎక్కడివిరా అంటే "పాడైపోయినవి" అనేవాడు. నా గదిలో క్యాసెట్లు తగ్గుతున్నాయని నేను గమనించడానికి చాన్నాళ్ళు పట్టింది.

విసురుగా గాలి పడ్డచోట నీళ్ళు నల్లబడతాయి, సన్నగా ముడతలు పడుతూ ఆ నలుపు మన మీదికి పాక్కుంటూ వస్తుంది. నాకది బోటు దగ్గరికొచ్చాక కనపడేది, వాడికి ఎక్కడో ఉండగానే కనపడేది. నీళ్ళ వైపే చూస్తూ "మూడు... రెండు... ఒకటి..." అనేవాడు, ఒకటి అనగానే సరిగ్గా బోటు ఒరిగేది, అప్పటికే ఇద్దరం బయటికి వాలి ఉండేవాళ్ళం. ఆ లెక్క వాడికి తప్పగా నేను చూళ్ళేదు.

సాయంత్రం బోట్లు ఒడ్డుకి లాగేశాక కూడా వెంటనే ఇళ్ళకి పోయేవాళ్ళం కాదు. తెరచాపలు దించేసిన ఖాళీ మాస్ట్‌లకి తాళ్ళు కొట్టుకుంటూ టింగు టింగుమంటూ ఉండేవి, పది బోట్లుంటే పది రకాల శ్రుతులు, గాలి పెరిగిందో తగ్గిందో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. కొంతమందికి ఆ చప్పుడు చిరాకు, వెళ్ళి తాళ్ళు బిగించి కట్టొచ్చేవాళ్ళు. మేం లేచెళ్ళి మళ్ళీ వదులు చేసేవాళ్ళం.

*

వాడికి ఈత రాదు. ఈ సంగతి నాకు బోటు బోల్తాపడ్డ రోజు తెలిసింది, అంతకు ముందు కొన్ని సీజన్లు కలిసి తిరిగాక.

జైబ్ చేస్తున్నాం, అంటే గాలి వెనక నుంచి వస్తుండగా బోటు తిప్పడమన్నమాట, ఆ క్షణంలో బూమ్, అంటే తెరచాప అడుగునుండే అడ్డకర్ర, ఈ పక్క నుంచి ఆ పక్కకి కొరడాలాగా వచ్చిపడుతుంది, తల వంచకపోతే అంతే సంగతులు. తలలైతే వంచాం, బోటే నిలబడలేదు. చిన్న బోట్లలో బోల్తా పడటం పెద్ద విషయం కాదు, నేర్చుకునేవాళ్ళతో కావాలనే పడేయించి లేపిస్తారు. ఒకడు పొట్ట కిందికి తిరిగి వెళ్ళి సెంటర్ బోర్డ్ మీదెక్కి బరువేస్తే, ఇంకొకడు లోపల తెరచాప పక్కన తేలుతూ ఉంటాడు, బోటు లేస్తున్నప్పుడు లోపలివాణ్ణి చేటలో చెరిగినట్టు ఎత్తుకుని లేస్తుంది. పద్ధతి ప్రకారం హెల్మ్ వాడే వెళ్ళి బోర్డెక్కాలి. సరంగు కదల్లేదు. లైఫ్ జాకెట్ మీద తేలుతూ బోటు అంచు రెండు చేతులతో పట్టుకుని నన్ను చూస్తున్నాడు, వాడి ముఖంలో అలాంటి చూపు అంతకు ముందు చూళ్ళేదు, తర్వాతా చూళ్ళేదు. నేనే చుట్టూ వెళ్ళి బోర్డెక్కి లేపాను. లేచాక ఇద్దరం చాలాసేపు నీళ్ళు తోడుకుంటూ ఉన్నాం, మాటల్లేవు.

ఒడ్డు దగ్గర పడుతుండగా అన్నాడు, "స్లోకమ్‌కీ రాదు."

జాషువా స్లోకమ్ సంగతి. 'స్ప్రే' అనే పడవలో 1895లో బయల్దేరి 1898కి తిరిగొచ్చిన మనిషి, ఒంటరిగా ప్రపంచం చుట్టొచ్చిన మొట్టమొదటివాడు, ఆయనకి ఈత రాదనే చెప్తారు. 1909లో అదే పడవలో ఇంకో ప్రయాణం మీద వెళ్ళి మళ్ళీ కనపడలేదు. ఈ రెండోది గుర్తుచేద్దామనుకుని ఊరుకున్నా. వాడు మాత్రం క్లబ్బుకెళ్ళగానే, అడిగినవాళ్ళందరికీ, బోర్డ్ ఎక్కి బోటు లేపింది తనేనని చెప్పుకున్నాడు, నేను పక్కనే తడిబట్టలు పిండుకుంటూ నిలబడి ఉండగా.

*

రేసు ఒకటి చెప్పాలి. ఇది చెప్పకపోతే పైదంతా చదివి మీరు వాణ్ణి ఉత్త కోతలరాయుడు అనుకుంటారు.

మేమెప్పుడూ పెద్దగా గెలిచే జట్టు కాదు, ఆ రోజు మాత్రం ఎందుకో అన్నీ కలిసొచ్చి ఆఖరి మార్కు దగ్గరికి మొదటిగా వచ్చాం. మార్కు అంటే నీళ్ళల్లో లంగరేసి ఉంచిన పెద్ద బుడగ, దాన్ని తాకకుండా చుట్టూ తిరిగి పోవాలి. వెనకాల బోట్లు ఉన్నాయిగానీ కాస్త దూరంలోనే ఉన్నాయి, జడ్జీల బోటు ఫినిష్ లైను దగ్గరుంది. మేం తిరుగుతుంటే బూమ్ చివర మార్కుకి రాసుకుంది. నాకు తెలీను కూడా తెలీలేదు, చిన్న మెత్తటి చప్పుడేదో వచ్చినట్టుంది అంతే. సెయిలింగ్‌లో అంపైర్ ఈల వేసి పట్టుకోవడం ఉండదు, చాలా రేసుల్లో తప్పు చేసినవాడే ఒప్పుకుని తనకు తానే శిక్ష వేసుకోవాలి, మార్కు తగిలితే పక్కకి వెళ్ళి బోటుతో ఒక పూర్తి చుట్టు తిరగాలి. ఎవరూ చూడలేదు. చూసే అవకాశం కూడా లేదు.

వాడు ఒక్క మాటా మాట్లాడకుండా "రెడీ?" అన్నాడు. దేనికి రెడీ, ఫినిష్ ఎదురుగా ఉంది! నేను ఆఁ అనలేదు. ఆ ఒక్కసారే వాడు నా ఆఁ కోసం ఆగకుండా టిల్లర్ తోసేశాడు. ఒక టాక్, అంటే గాలికి ఎదురుగా తిప్పడం, ఒక జైబ్, పూర్తి చుట్టు. మేం తిరుగుతుండగానే బోట్లు మమ్మల్ని దాటుకుంటూ పోయాయి, నేను నోటికొచ్చినట్టు తిట్టాను, వాడు "తగిలింది" అన్నాడు. ఎవడు చూశాడ్రా అంటే మళ్ళీ "తగిలింది" అన్నాడు. ఫినిష్ దాటాక కూడా అంతే. ఒడ్డున అందరూ అదేంట్రా మధ్యలో గింగిరాలు కొట్టారు అని నవ్వితే, నవ్వే వాళ్ళతోనూ అదే మాట. ఆ మాటలో గొప్ప చెప్పుకోవడం లేదు, అదే నాకు ఇప్పటికీ గుర్తు.

అదే రోజు సాయంత్రం క్లబ్బు ట్రెజరర్ వాణ్ణి పట్టుకుని మెంబర్‌షిప్ ఫీజు ఎప్పుడు కడతావని అడిగితే "పోయిన వారమే మీ టేబుల్ మీద కవర్లో పెట్టానే, చూసుకోలేదా" అన్నాడు. ఆయన పాపం సొరుగులన్నీ వెతుక్కున్నాడు. కవరూ లేదు గివరూ లేదు. నాకు తెలుసు, వాడికి తెలుసు.

వాడి భార్య అప్పుడప్పుడు అనేది, "అన్నయ్యగారూ, ఆయన చెప్పిన దాంట్లో సగం తీసేయండి, మిగిలిన సగం ఎవర్నన్నా అడిగి కనుక్కోండి." నవ్వుతూనే అనేది. తర్వాత్తర్వాత నవ్వడం మానేసింది.

*

వానలు పడి సెయిలింగ్ లేని రోజుల్లో షెడ్లో బోట్లు బోర్లించుకుని గరుకు కాగితంతో రుద్దడం, వార్నిష్ కొట్టడం. చేతులు పని చేస్తుంటాయి, నోళ్ళు ఖాళీ. ఆ షెడ్లో మేం మాట్లాడుకున్నన్ని మాటలు ఇంకెక్కడా మాట్లాడుకోలేదు, అందులో ముప్పావు వంతు ఒకే రేసు గురించి, 1968 గోల్డెన్ గ్లోబ్.

ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా, ప్రపంచం చుట్టి రావాలి. తొమ్మిది మంది బయల్దేరితే పూర్తి చేసింది ఒక్కడే, రాబిన్ నాక్స్-జాన్‌స్టన్, 312 రోజులు పట్టింది. ఆయన పడవ 'సుహైలీ', ముప్ఫై రెండడుగుల టేకు పడవ, ముంబైలో కట్టించుకున్నది. నాకు ఆయనంటే అభిమానం, ఆడంబరం లేదు, కారితే కూరుకున్నాడు, చిరిగితే కుట్టుకున్నాడు, వచ్చాడు. షెడ్లో ఇంకో ఇద్దరికి మ్వాటెస్యే అంటే పిచ్చి, ఆ ఫ్రెంచాయన దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ దాటేసి, గెలిచే అవకాశం చేతిలో ఉండగా, ఇక నేను వెనక్కి రాను అని చీటీ రాసి దారిన పోయే ఓడ మీదికి ఉండేలుతో కొట్టి, ఇంకో సగం ప్రపంచం చుట్టి తాహితీ వెళ్ళిపోయాడు. ఇవి రెండూ ఎవరికైనా నచ్చే కథలే.

సరంగుకి నచ్చినవాడు డొనాల్డ్ క్రోహర్స్ట్.

తెలీనివాళ్ళకి: ఆయన సరిగ్గా తయారుకాని ట్రైమరాన్, అంటే మూడు పొట్టల పడవ, వేసుకుని గడువు ఆఖరి రోజున, అక్టోబర్ 31న బయల్దేరాడు. పడవ దక్షిణ సముద్రాలకి నిలబడదని త్వరలోనే అర్థమైంది, వెనక్కొస్తే అప్పుల్లో మునుగుతాడు. అట్లాంటిక్‌లోనే తచ్చాడుతూ రేడియోలో మాత్రం దూసుకుపోతున్నట్టు అబద్ధపు లెక్కలు పంపాడు. 1969 జూలై 10న ఆ పడవ ఖాళీగా తేలుతూ దొరికింది, మనిషి లేడు.

ఎవరైనా మోసగాడు అన్నారంటే సరంగు చేతిలో బ్రష్ పక్కన పెట్టేసేవాడు. "అబద్ధాలు రేడియోలో చెప్పాడ్రా. నిజం లెక్కలు రాసుకున్న లాగ్ బోటులోనే వదిలాడు, సముద్రంలో విసిరేయడానికి ఎంతసేపు పడుతుంది, ఎందుకు వదిలాడు చెప్పు?" నేను చెప్పలేకపోయేవాణ్ణి. ఒకసారి మాత్రం టెట్లీ గురించి ఎత్తాను. నైజెల్ టెట్లీ అప్పటికే ప్రపంచం చుట్టేసి ఇంటిదారి పట్టిన మనిషి, వెనకాల క్రోహర్స్ట్ తరుముకొస్తున్నాడనుకుని, అతుకుల బొంత అయిపోయిన పడవని ఆపకుండా తోలి, అట్లాంటిక్‌లో అజోర్స్ దీవుల దగ్గర దాన్ని ముంచుకున్నాడు. "నీవాడి అబద్ధాన్ని నమ్మినవాడి పడవ మునిగింది, దానికేమంటావ్" అన్నా. సరంగు ఏమీ అనలేదు. బ్రష్ తీసుకుని అప్పటికే ఆరిన చోట మళ్ళీ వార్నిష్ కొట్టడం మొదలెట్టాడు. కాసేపయ్యాక, "నాక్స్-జాన్‌స్టన్ తనకొచ్చిన 5,000 పౌండ్లూ క్రోహర్స్ట్ పెళ్ళాం పిల్లలకే ఇచ్చేశాడు, ఆయనకి లేని కోపం నీకెందుకు" అన్నాడు.

ఆ మాటా నిజమే, ఇచ్చేశాడు.

*

ఉద్యోగాలొచ్చి కాస్త చేతిలో డబ్బులాడాక ఇద్దరం చెరి సగం వేసుకుని ఒక సెకండ్ హ్యాండ్ ఎంటర్‌ప్రైజ్ కొన్నాం. సొంత బోటు! ప్లైవుడ్ బోటే, ఎడమ పక్కన గుప్పెడంత చిల్లు ఉంటే లోపల చెక్క అతుకేసి పైన గ్లాస్ టేపు, రెసిన్ పట్టించాం. ఆ అతుకు కోస్తున్నప్పుడు వాడి చేతిలో రంపం జారి ఒక మూల వంకరగా తెగింది, ఇంకోటి కోద్దామంటే వద్దు, గుర్తుంటుంది అన్నాడు.

తర్వాత నాకు బదిలీ అయింది. బోటు వాడి దగ్గరే ఉంది, నేను సెలవులకి వచ్చి తిరిగేవాణ్ణి. ఒక రాత్రి ఫోన్. గాలివానకి బోటు ట్రాలీ మీంచి ఎగిరి గోడకి కొట్టుకుని ముక్కలైపోయిందట, ఒక్క పలక కూడా పనికొచ్చేలా లేదట. ఫోన్లో ఏడ్చాడు. నిజంగా ఏడ్చాడు, దానికి నేను ఇప్పటికీ సాక్ష్యం చెప్తాను. నేనే ఊరుకోబెట్టాను, పోతే పోయింది, మనం మళ్ళీ కొనుక్కుందాంలేరా అని.

కొన్నేళ్ళ తర్వాత ఇంకో చోట ఒక రెగట్టాకి, అంటే పడవ పందేలకి, వెళ్ళాను, చూడ్డానికే. ఒడ్డున వరసగా బోర్లించిన బోట్లలో ఒక తెల్ల రంగు బోటు. నాది కాదు, మాది పసుపు. అయినా ఎందుకో దాని చుట్టూ తిరిగాను, ఓనర్ని అడిగి తిప్పించి లోపల చూశాను. ఎడమ పక్కన అతుకు. వంకర మూల.

అక్కణ్ణుంచే వాడికి ఫోన్ చేశాను. చెప్పింది మొత్తం విన్నాడు. "అలాంటి అతుకులు చాలా బోట్లకుంటాయిరా" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

అంతే, ఇక మాటల్లేవు. వాడి కూతురికి పెళ్ళి కుదిరితే చెల్లెమ్మ ఫోన్ చేసి పిలిచింది, వెళ్ళాను, వాడు ఆ మూల నేను ఈ మూల. డబ్బు కోసం కాదు నా కోపం, అమ్ముకుంటానంటే కాదనేవాణ్ణా? ముక్కలైందని చెప్పి ఏడవడమెందుకు? ఆ ఏడుపుని ఏం చేసుకోవాలి నేను?

*

మళ్ళీ మాటలు కలిసింది 2018 సెప్టెంబర్లో, దానికి కారణం మేమిద్దరం కాదు.

మొదటి గోల్డెన్ గ్లోబ్‌కి యాభై ఏళ్ళయిందని అదే రేసు మళ్ళీ పెట్టారు, జీపీఎస్ లేకుండా పాత పద్ధతిలో, సూర్యుణ్ణి, చుక్కల్ని చూసి దారి లెక్కగట్టే సెక్స్టెంట్‌తో. మన నేవీ ఆఫీసర్ అభిలాష్ టామీ, అంతకు ముందే ఒంటరిగా ఎక్కడా ఆగకుండా ప్రపంచం చుట్టొచ్చినాయన, 'తురీయ' అనే బోటులో వెళ్ళాడు, అది సుహైలీకి నకలుగా కట్టింది. హిందూ మహాసముద్రం దక్షిణాన తుఫాను. మాస్ట్ విరిగింది, నడుం దెబ్బతింది, కదల్లేని స్థితిలో బోటులో పడి ఉన్నాడు, ఆస్ట్రేలియా ఒడ్డు సుమారు 1,900 నాటికల్ మైళ్ళ దూరం.

అర్ధరాత్రి ఫోన్ మోగింది, ఆ నంబర్ నేను ఫోన్లోంచి తీసేశాను గానీ గుర్తుంది. "విన్నావా?" అన్నాడు. నిన్ననే మాట్లాడుకున్నట్టు. "విన్నా" అన్నాను.

ఆ తర్వాత ఇద్దరం పనులు మానుకుని అదే ధ్యాస. ఎవరు దగ్గర్లో ఉన్నారు, ఎన్ని నాట్స్ వేగంతో వస్తున్నారు, గాలి ఎటు. అదే రేసులో ఉన్న ఐరిష్ ఆయన గ్రెగర్ మెక్‌గకిన్, తన మాస్ట్ కూడా విరిగితే, దొరికిన కర్రా గుడ్డా కట్టుకుని టామీ వైపు బయల్దేరాడని తెలిసినప్పుడు సరంగు "చూశావా! చూశావా!" అని అరిచాడు ఫోన్లో. 24న ఫ్రెంచి వాళ్ళ ఓడ 'ఒసిరిస్' టామీని ఎక్కించుకుంది. "ఎక్కించారు" అని పెట్టేశాడు. మర్నాడు నేనే చేశాను.

బోటు సంగతి వాడెత్తలేదు, నేనూ ఎత్తలేదు. క్షమించానా అంటే ఏమో, నాకు అంత పెద్ద మాటలు తెలీవు. టామీ 2022లో మళ్ళీ అదే రేసుకి వెళ్ళి ఈసారి రెండో స్థానంలో పూర్తిచేసినప్పుడు సరంగు మంచంలో ఉన్నాడు. గెలిచింది కిర్‌స్టెన్ నాయ్‌షేఫర్, ఆడమనిషి, ఆ విషయం కూడా నేనే గెలిచినంత సంబరంగా వాడికి చెప్పాను. "నడుం విరిగినవాడు మళ్ళీ వెళ్ళాడ్రా" అని అదే మాట అంటూ ఉన్నాడు.

జబ్బు పడకముందు ఒక్కసారి క్లబ్బు బోటు తీసుకుని వెళ్ళాం. నన్ను చుక్కాని పట్టమన్నాడు. వాడు జిబ్ పట్టుకుని ముందు కూర్చుని, నీళ్ళు నల్లబడుతున్నా లెక్కపెట్టలేదు, కనపడట్లేదని నాకర్థమైంది. నేనే "మూడు, రెండు" అన్నాను. నా లెక్క తప్పింది, ఇద్దరం తడిశాం.

*

సంచీ అడుగున ప్లాస్టిక్ కవర్లో చుట్టి పొడుగు నోట్ బుక్కులున్నాయి. వాడు లాగ్ రాస్తాడని నాకు తెలీదు, అన్నేళ్ళలో ఒక్కసారీ రాస్తుండగా చూళ్ళేదు. తేదీ, గాలి, ఎంతసేపు, ఎవరితో. రెండు మూడు ముక్కలు, అంతకు మించి లేదు.

తుఫానులో రాత్రంతా సముద్రం మీద ఒంటరిగా గడిపానని వాడు చెప్పే కథ ఒకటుండేది, క్లబ్బులో కొత్తగా చేరిన ప్రతివాడూ వినాల్సిందే, అల ఎంతెత్తు లేచిందో చెయ్యి పైకెత్తి చూపించేవాడు. ఆ రోజు పేజీ తీశాను. "ఫోర్‌కాస్ట్ బాలేదు. వెళ్ళలేదు. షెడ్లో పడుకున్నా."

బోల్తా పడ్డ రోజు: "జైబ్‌లో తప్పు నాదే. బోటు వాడు లేపాడు. ఈత రాదని తెలిసిపోయింది. ఎవరికీ చెప్పడు." నేను చెప్పలేదు, నిజమే, ఇదిగో ఇప్పుడే చెప్పడం.

ఇంకా కొన్ని పేజీలు తిప్పాక ఇది: "ఎంటర్‌ప్రైజ్ అమ్మేశాను. ముక్కలైందని వాడికి చెప్పాను. నమ్మాడు. గాలి పడమర, 6 నాట్స్."

ఎందుకు అమ్మాడో లేదు. డబ్బు ఏం చేశాడో లేదు. అయ్యో అనే మాట ఒక్కటి లేదు. గాలి మాత్రం ఉంది, పడమర, ఆరు. నమ్మాడు అన్న దగ్గర నాకు పాత కోపం అంతా మళ్ళీ పైకొచ్చింది, ఆ నోట్ బుక్ విసిరికొడదామనుకున్నా. వాడి కూతురు గుమ్మంలో నిలబడి "ఏం రాశారంకుల్ నాన్న?" అంది. "గాలి లెక్కలమ్మా" అన్నాను. "అమ్మకి చూపించనా?" అంటే, ఆవిడకి అర్థం కావులే అని సంచీలో పెట్టేసుకున్నా.

ఇంటికి తెచ్చుకుని వరసగా చదువుతున్నాను, రోజుకి కొన్ని పేజీలు. నా క్యాసెట్ల లెక్క కూడా ఉంది. మెంబర్‌షిప్ ఫీజు "కట్టలేదు" అని కూడా ఉంది. ఇంత పద్ధతిగా రాసినవాడు ఆ రేసు దగ్గర మాత్రం "మార్కు తగిలింది. చుట్టు తిరిగాం. నాలుగో స్థానం" అని రాశాడు. నాలుగు కాదు, మూడు. మమ్మల్ని దాటింది రెండే బోట్లు, రెండోది దాటేటప్పుడు అందులో క్రూ చేస్తున్నవాడు నన్ను చూసి పళ్ళికిలించాడు కూడా, ఆ మొహం నాకింకా కళ్ళ ముందుంది. మూడో బోటు ఫినిష్ దగ్గర మా వెనకే ఉంది. కావాలంటే క్లబ్బులో పాత రిజల్ట్స్ పుస్తకం ఎవరి దగ్గరన్నా ఉంటే తీసి చూడండి, పందెం.